క్లినిక్‌లో ఒక్కొక్కరినీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూడటం కుదిరే పనేనా?

ప్రశ్న: ఖమ్మం సిస్టర్

అందరికీ నమస్కారం. జీఎన్ఎం నర్సింగ్ చేసి ఆరేళ్ళయింది. రెండేళ్ళుగా ఖమ్మం జిల్లాలో ఒక ఫిజీషియన్ గారి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. సోమవారం వస్తే ఓపీ ఎనభై దాటుతుంది. పేషెంటు లోపలికి వెళ్ళేముందు బరువు, బీపీ, షుగరు చూసి చీటీ మీద రాసేది నేనే. డాక్టరు గారు ఆ చీటీ చూసే మందు రాస్తారు.

నెల కిందట ఒకావిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి, మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది, ఒళ్ళు కాస్త భారీ. పొద్దున ఊళ్ళో బస్సెక్కి, బస్టాండు నుంచి ఎండలో నడిచి, మా మెట్లెక్కి పైకి వచ్చేసరికే ఆయాసపడుతోంది. వచ్చి కూర్చుందో లేదో ఆవిడ నంబరు వచ్చేసింది. నా బల్ల పక్కన ఉండేది వీపు ఆన్చుకోవడానికి ఏమీ లేని స్టూలు. జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటే అలాగే పైకి మడిచాను. కఫ్ చుడితే చివర అంటుకునే పట్టీ రెండు వేళ్ళంత కూడా అందలేదు, నొక్కిపట్టి అంటించాను. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. గాలి కొడుతూనే "మందులు రోజూ వేసుకుంటున్నావా అమ్మా, రాత్రిపూట నిద్ర పడుతోందా?" అని అడిగాను. అడిగిందే చాలు, కూతురి కాపురంలో గొడవలన్నీ చెప్పుకొచ్చింది. నేను వింటూనే 168/98 అని రాసేశాను.

అప్పటికే బీపీకి ఆమ్లోడిపిన్ 5 మాత్ర వాడుతోంది. ఇంకో మాత్ర తోడయింది. పన్నెండో రోజు తెల్లవారుజామున బాత్‌రూముకని లేచి, కళ్ళు తిరిగి పడిపోయింది. కుడి చేతి మణికట్టు విరిగింది. వాళ్ళబ్బాయి డిజిటల్ మిషన్ కొని ఇంట్లో చూస్తే 112/68, 108/66 వచ్చాయట. ఆ నంబర్లు రాసిన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. "సిస్టర్, ఆ రోజు అమ్మకు నిజంగా అంత బీపీ ఉందా?" అన్నాడు అంతే.

నేనేం చెప్పను? ఉందేమో, లేదేమో, నాకే తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ట్రైనింగులో ఐదు నిమిషాలు కూర్చోబెట్టమన్నారు, నిజమే. కానీ ఎనభై మందికి ఐదు నిమిషాలంటే నాలుగు వందల నిమిషాలు. ఉన్నది నేనొక్కదాన్ని. మీలో ఎవరైనా ఇది నిజంగా చేస్తున్నారా? చేస్తుంటే ఎలాగో చెప్పండి. ఇంకోటి, మా దగ్గర ఒకటే కఫ్, గుండ్రటి డయల్ ఉన్న మిషను. ఏ చేతికి చూడాలి, ఎన్నిసార్లు చూడాలి, మొదటిది రాయాలా రెండోది రాయాలా? ఇన్నేళ్ళ తర్వాత ఇలాంటివి అడుగుతున్నానని ఎవరేమనుకున్నా ఫరవాలేదు, నాకు సరిగ్గా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: రిటైర్డ్ ఫిజీషియన్, గుంటూరు

అమ్మా, ముందు ఒక మాట. ఆ పడటానికి మాత్ర కారణమో, ఆ రోజు నీళ్ళు తక్కువ తాగడమో, షుగరు పడిపోవడమో ఇక్కడ కూర్చుని ఎవరూ తేల్చలేరు. కానీ నువ్వు రాసిన తీరు చూస్తే ఆ 168లో కొంత ఆవిడది కాదన్నది మాత్రం ఖాయం. అది ఎక్కడ నుంచి వచ్చిందో ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా పెద్దది కఫ్. లోపల గాలి నిండే సంచి ఉంటుంది చూడు, దాని పొడవు చేతి చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలి. చెయ్యి లావుగా ఉండి కఫ్ చిన్నదైతే రక్తనాళాన్ని అదమడానికి మామూలుకన్నా ఎక్కువ గాలి కొట్టాల్సి వస్తుంది. డయల్ చూపించేది నువ్వు కొట్టిన గాలిని, దాన్నే నువ్వు బీపీ అని రాస్తావు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ఒకే మనిషికి రకరకాల కఫ్‌లు కట్టి చూసి 2023లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద కఫ్ కట్టాల్సిన వాళ్ళకు మామూలుది కడితే పై నంబరు సుమారు 5 ఎక్కువ చూపింది. ఇంకా పెద్దది కావాల్సిన వాళ్ళకైతే దాదాపు 20 ఎక్కువ చూపింది! లేని రోగాన్ని ఉందనడానికి ఆ 20 చాలు. సన్నటి చేతికి పెద్ద కఫ్ కడితే ఇది తిరగబడుతుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. టైలర్లు వాడే టేపు ఒకటి బల్ల మీద పెట్టుకో. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యన కొలువు. మామూలు కఫ్ సుమారు 27 నుంచి 34 సెంటీమీటర్ల చేతులకు, పెద్దది 35 నుంచి 44 దాకా. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది, కఫ్ మీదే రాసి ఉంటుంది చూసుకో. పట్టీ రెండు వేళ్ళంత కూడా అందలేదన్నావు, అది ఆవిడ కఫ్ కాదని అక్కడే తెలిసిపోతోంది.

తర్వాత చెయ్యి. అదే చోట 2024లో చెయ్యి ఉంచే పద్ధతి మీద పరీక్ష చేశారు. బల్ల మీద ఆన్చినప్పటి కన్నా ఒళ్ళో పెట్టుకుంటే పై నంబరు 4, పక్కన వేలాడేస్తే సుమారు ఆరున్నర ఎక్కువ వచ్చింది. చెయ్యి గుండె కన్నా కిందికి ఉంటే ఆ మధ్యలో ఉన్న నెత్తురు బరువు కూడా కఫ్ మీద పడుతుంది, అందుకని. ఒక దిండు పెట్టు, కఫ్ మధ్యభాగం రొమ్ము ఎముక నడిమికి సమంగా వస్తే చాలు. చెయ్యిని పేషెంటు తనే ఎత్తి పట్టుకోకూడదు, కండ బిగిస్తే నంబరు మారుతుంది. కాలు మీద కాలు, మూత్రం బిగపట్టుకోవడం, వీపు ఆనకపోవడం, ఇవన్నీ పైకే లాగుతాయి. మాట్లాడటమైతే చెప్పనే అక్కర్లేదు, పది దాకా పెంచేస్తుంది. ఆవిడ కూతురి గొడవ చెప్పుకుంది కదా, అది వట్టి మాట్లాడటం కూడా కాదు, మనసులో బాధ.

ఇక నీ ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు పేషెంటువి తల్లీ, నీవి కావు. ఆయన కూర్చుంటే చాలు, పక్కన నువ్వు నిలబడాల్సిన పని లేదు. నీ బల్లకు దగ్గరగా వీపు ఆనే కుర్చీలు మూడు వేయించు. నంబరు దగ్గరపడ్డ వాళ్ళు ముందుగా వచ్చి అక్కడ కూర్చోవాలి, కూర్చున్నాక ఫోనూ ముచ్చట్లూ ఉండకూడదు. ముగ్గురు వరుసలో ఉంటే నీ చేతికి వచ్చేసరికి ప్రతివాడికీ ఐదు నిమిషాలు గడిచిపోతాయి. అడగాల్సినవన్నీ బరువు చూసేటప్పుడే అడిగెయ్. కఫ్ కట్టాక నువ్వూ నోరు విప్పొద్దు.

మొదటిసారి వచ్చిన వాళ్ళకు రెండు చేతులకూ చూడు. తేడా పది దాటి, మళ్ళీ చూసినా అలాగే ఉంటే ఎక్కువ ఉన్న చెయ్యి ఏదో చీటీ మీద రాసిపెట్టు, ఎప్పటికీ ఆ చెయ్యే. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండిటి సగటు రాయి. రెండిటికీ పొంతన లేకపోతే మూడోది చూడు.

స్టెత్‌తో చూసేవాళ్ళకు ఒక సంగతి. 1896లో ఇటలీలో రివా రోచీ తన కఫ్ తయారుచేసినప్పుడు స్టెత్‌తో వినడం లేదు. మణికట్టు నాడి పట్టుకుని, అది ఆగిపోయిన చోటు పై నంబరు అనేవాడు. రష్యాలో కొరొట్కాఫ్ అనే మిలిటరీ డాక్టరు 1905లో మోచేతి దగ్గర చప్పుడు వినే పద్ధతి చెప్పాడు, అప్పటి నుంచి కింది నంబరు కూడా దొరికింది. చప్పుడు వచ్చాక నాడి పట్టుకోవడం మనవాళ్ళు మానేశారు. అక్కడే దెబ్బతింటారు. నేను సర్వీసులో ఉండగా కల్లుగీత పని చేసే ఒక పెద్దాయన వచ్చాడు, తలనొప్పి అని. చీటీ మీద 150/90 ఉంది. మణికట్టు పట్టుకుని నేను మళ్ళీ గాలి కొడుతూ పోతే 150 దాటింది, 170 దాటింది, నాడి ఇంకా కొట్టుకుంటూనే ఉంది. 200 దగ్గర ఆగింది. కొందరికి చప్పుడు పైన మొదలై, మధ్యలో మాయమై, కిందికి దిగాక మళ్ళీ వినిపిస్తుంది. 160 దాకానే గాలి కొట్టి వింటే ఆ రెండోసారి చప్పుడే మొదటిదనుకుంటాం. అందుకే ముందు నాడి ఆగిన చోటు చూసుకో, అక్కడ నుంచి ఇంకో 30 పైకి కొట్టు, సెకనుకు రెండు మి.మీ. చొప్పున వదులు. గబుక్కున వదిలితే పై నంబరు తగ్గుతుంది, కింది నంబరు పెరుగుతుంది.

వచ్చింది వచ్చినట్టు రాయి. 134 వస్తే 134 అనే రాయి. ఏ చీటీ చూసినా 130/80, 140/90 అని సున్నాలే కనిపిస్తే నాకు భయం వేస్తుంది.

జవాబు: సబ్‌సెంటర్ ఎంఎల్‌హెచ్‌పీ

చెల్లీ, నాది నల్లగొండ వైపు. ఎంఎల్‌హెచ్‌పీ అంటే సబ్‌సెంటర్‌లో డాక్టరు లేని చోట రోగుల్ని చూసే ఆరోగ్య ఉద్యోగిని. డాక్టరు గారు చెప్పిన మూడు కుర్చీల పద్ధతి మేం వేరేగా చేస్తున్నాం. మా దగ్గర కుర్చీలే మూడు, అందుకని గోడకు ఆనించి బెంచీ వేశాం, ఆశా వర్కరు అక్కడ కూర్చోబెట్టి పేర్లు రాస్తుంది. పేరు రాసేటప్పుడే "ఇప్పుడు టీ తాగొచ్చావా, బీడీ తాగొచ్చావా, ఒంటేలుకు పోవాల్నా" అని అడిగేస్తుంది. అరగంట లోపల టీ గానీ బీడీ గానీ తాగి ఉంటే ఆయన పేరు చివరికి పోతుంది. మొదట్లో గొణిగేవాళ్ళు, ఇప్పుడు మిగతావాళ్ళే చెప్పుకుంటున్నారు, "ఇప్పుడే బీడీ కాల్చకురా, నీ నంబరు పోతది" అని.

2017 చివర్లో బీపీని అదుపు చేసే ఐహెచ్‌సీఐ అనే జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు తీసుకున్న మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. అప్పుడు మాకు గట్టిగా చెప్పిన మాట, ఒక్కసారి చూసి బీపీ రోగి అని ముద్ర వెయ్యొద్దని. జాకెట్టు చెయ్యి సంగతి కూడా చెప్పాలి. పైకి మడవొద్దు, చేతికి తాడు కట్టినట్టే అవుతుంది. మేం బీరువా పక్కన పాత చీరతో తెర కట్టాం. పెద్దామెలు అక్కడికి పోయి ఆ చెయ్యి వరకు జాకెట్టులోంచి తీసి కొంగు కప్పుకుని కూర్చుంటారు. సిగ్గుపడతారేమో అనుకున్నాను గానీ తెర ఉంటే ఎవరూ కాదనలేదు.

మీ ఫిజీషియన్ గారికి ఒక మాట చెప్పి చూడు. కొత్త మాత్ర రాసే ముందు, మరీ ప్రమాదంగా లేకపోతే, ఇంట్లో వారం రోజులు పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చూసి రాసుకు రమ్మనొచ్చు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తారు. క్లినిక్‌లో 140/90 గీత అయితే ఇంట్లో గీత 135/85. తెల్లకోటు చూస్తేనే టెన్షన్ పడేవాళ్ళు ఎందరో. దానికి ఎదురుగా క్లినిక్‌లో బాగుండి ఇంట్లో ఎక్కువుండే వాళ్ళూ ఉంటారు, వాళ్ళు మన కంటికే పడరు.

జవాబు: ఆసుపత్రి మిషన్లు బాగుచేసేవాణ్ణి, విజయవాడ

సిస్టర్ గారూ, డయల్ మిషన్ అన్నారు. గాలి కొట్టకముందు ముల్లు సున్నా మీద ఉందా? అది చూడకుండా వాడేవాళ్ళను రోజూ చూస్తున్నాను. పది మీద ఆగి ఉన్న ముల్లుతో నెలల తరబడి బీపీ చూస్తారు. ముల్లు సున్నా మీద ఉంటే మిషన్ బాగున్నట్టేనా అంటే అదీ కాదు. ఒక్కసారి కింద పడితే లోపలి పల్చటి రేకు వంగుతుంది, కింద సరిగ్గా చూపించి పైన తప్పుతుంది. ఆరు నెలలకోసారి సరిచూపించండి. మేం చేసేది పెద్ద విద్యేం కాదు. రెండు పాయల గొట్టంతో మీ డయల్‌నూ సరైన మిషన్‌నూ కలిపి గాలి కొట్టి 50, 100, 150, 200 దగ్గర రెండూ పోల్చి చూస్తాం. మూడు మి.మీ. దాటి తేడా వస్తే పక్కన పెట్టేస్తాం. కఫ్‌ను ఒక సీసాకు చుట్టి 200 దాకా కొట్టి మరను బిగించి చూడండి. ముల్లు తనంతట తనే దిగిపోతుంటే గొట్టమో బల్బో కారుతోంది. నా దగ్గరికి వచ్చే వాటిలో బల్బు చివర చీలినవే ఎక్కువ, కొత్తది వేస్తే అయిపోతుంది.

పాదరసం మిషన్ పాతది ఎక్కడైనా ఉంటే పారెయ్యకండి, చెత్తలో అసలే వెయ్యకండి. మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది, పాదరసం వాడకం మెల్లగా పోతోంది. డిజిటల్ కొనేటప్పుడు ధర, పేరు చూసి కొనేస్తారు. మనుషుల మీద సరిచూసి నెగ్గిన మోడలేనా అన్నది చూడండి. స్ట్రైడ్ బీపీ అని ఒక వెబ్‌సైటులో అలాంటి మోడళ్ళ జాబితా ఉంటుంది. పైచేతికి కట్టేదే తీసుకోండి.

జవాబు: డయాలసిస్ ఇంటి నుంచి

నేను నర్సుని కాదు. మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసేది) ఉన్న చేతికి కఫ్ కట్టొద్దని ప్రతి చోటా నేనే అరవాల్సి వస్తోంది. రెండు చేతులకూ చూడమని పైన చెప్పారు కాబట్టి రాస్తున్నాను. కఫ్ కట్టే ముందు ఒక్కసారి "ఈ చేతికి ఏమైనా ఆపరేషన్ అయిందా?" అని అడగండమ్మా. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గడ్డలు తీసేసిన వాళ్ళకు కూడా ఆ పక్క చేతికి వద్దంటారు.

ఖమ్మం సిస్టర్

అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, చేసి చూసి చెప్పాలని.

డాక్టరు గారికి ఇక్కడి జవాబులు చదివి వినిపించాను. భయపడుతూనే వెళ్ళాను. విన్నాక ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత టేపు తీసుకుని తన చెయ్యి తనే కొలుచుకున్నారు, 36 వచ్చింది. "నా బీపీ కూడా ఇన్నాళ్ళూ తప్పు కఫ్‌తోనే చూసుకుంటున్నానన్నమాట" అన్నారు. పెద్ద కఫ్ మర్నాడే తెప్పించారు. డయల్ సరిచేయించడానికి ఇస్తే బల్బు మార్చాల్సి వచ్చింది, అచ్చం విజయవాడ అన్నయ్య చెప్పినట్టే.

స్టూలు తీసేశాను. హాల్లో టీవీ కింద ఉండే మూడు కుర్చీలు నా బల్ల పక్కకు వచ్చాయి, టీవీ సౌండు ఆ మూలకు వినిపించదు. మొదటి సోమవారం మాత్రం చాలా గందరగోళమైంది. నంబరు నలభై ఆరు ముందుగా కుర్చీలో కూర్చుంటే నలభై నాలుగు ఆయన "నన్ను దాటించి పంపుతున్నారు" అని గొడవ. రెండో సోమవారం కుర్చీల వీపు మీద 1, 2, 3 అని కాగితాలు అంటించాను, సద్దుమణిగింది. ఓపీ అయ్యేసరికి మామూలుకన్నా అరగంట ఆలస్యమవుతోంది. రెండుసార్లు చూడటం అందరికీ చేయలేకపోతున్నాను. కొత్తవాళ్ళకూ, మొదటిసారి 140/90 దాటినవాళ్ళకూ మాత్రం తప్పకుండా చేస్తున్నాను.

చీటీ మీద ఇప్పుడు బీపీ పక్కన కుడి చెయ్యయితే "కు" అనో, ఎడమయితే "ఎ" అనో, పెద్ద కఫ్ అయితే "పె" అని కూడా రాస్తున్నాను.

మిర్చి పనావిడ మొన్న కట్టు మార్పించుకోవడానికి ఊళ్ళోకి వచ్చి, కొడుకుతో పాటు ఇక్కడికీ వచ్చింది. విరిగిన చెయ్యి కాకుండా ఎడమ చెయ్యి కొలిస్తే 37. పెద్ద కఫ్, దిండు, వీపు ఆనించి, ఐదు నిమిషాలయ్యాక 138/84, నిమిషం తర్వాత 134/82. రెండో మాత్ర పడిపోయిన రోజు నుంచే ఆపేశారట, ఆమ్లోడిపిన్ ఒక్కటే నడుస్తోంది. డాక్టరు గారు అదే ఉంచి, ఇంట్లో వారం చూసి రాసుకు రమ్మన్నారు. అబ్బాయి అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాను. "ఆ రోజు నేను చూసిన పద్ధతి సరిగ్గా లేదు తమ్ముడూ, అంత ఉండి ఉండదు" అన్నాను. తల ఊపి, మిషన్ ఎలా కట్టాలో ఒకసారి చూపించమన్నాడు. చూపించాను.

గుంటూరు సార్, ఒకటి అడగాలి. ఇలా పడిపోయే వాళ్ళను ముందే కనిపెట్టే దారి ఏమైనా ఉందా?

రిటైర్డ్ ఫిజీషియన్, గుంటూరు

ఉందమ్మా. పెద్దవాళ్ళకూ, షుగరు ఉన్నవాళ్ళకూ, కళ్ళు తిరుగుతున్నాయన్న వాళ్ళకూ కూర్చున్నప్పుడు చూశాక, లేచి నిలబడమని ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడు. పై నంబరు 20 గానీ కింది నంబరు 10 గానీ పడిపోతే చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసి లోపలికి పంపు. నిలబడ్డప్పుడు పక్కన ఎవరో ఒకరిని ఉంచు. అప్పుడు కూడా చెయ్యి వేలాడనీయకు, గుండె ఎత్తులో పట్టుకో. నాడి తడబడుతూ కొట్టుకునే వాళ్ళకు డిజిటల్ మిషన్ ఒక్కోసారి ఒక్కో నంబరు ఇస్తుంది, వాళ్ళకు స్టెత్‌తో మూడుసార్లు చూసి సగటు రాయి.

ఖమ్మం సిస్టర్

రేపు సోమవారం. ఎర్ర పెన్ను కొన్నాను సార్.